గేబుల్ గోడని కప్పుకి అతికించాలా, ప్రొఫైల్ గీసి వదిలెయ్యాలా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

రెవిట్ (ఇళ్ళ మోడల్ గీసే సాఫ్ట్‌వేర్)లో రెండు వాలుల ఇళ్ళు గీసేవాళ్ళని అడుగుతున్నాను. చివరి గోడల మీద వచ్చే ముక్కోణాన్ని, అంటే గేబుల్‌ని, మీరెలా గీస్తున్నారు? మా ఆఫీసులో దీని మీద రెండు రోజులుగా వాదన నడుస్తోంది. నా పక్క సీటాయన గోడ ఆకారాన్ని మార్చే ఎడిట్ ప్రొఫైల్‌లోకి వెళ్ళి రెండు వాలు గీతలు గీసి బయటికొచ్చేస్తారు. నేను అటాచ్ టాప్ నొక్కి కప్పుని చూపిస్తాను, గోడ తనే కప్పు అడుగుదాకా పెరుగుతుంది.

వాదన ఎందుకొచ్చిందో చెప్తాను. నరసన్నపేట దగ్గర పల్లెలో ఒక పెంకుటిల్లు. వెడల్పు 20 అడుగులు, చూరు మట్టం నుంచి వెన్నుకి 5 అడుగుల ఎత్తు. పెంకుల కింద నీరు దిగుతుందని భయపడి ఇంటాయన వాలు పెంచమన్నారు. 30 డిగ్రీలు చేశాం, వెన్ను 5 అడుగుల 9 అంగుళాలకి లేచింది. ప్రొఫైల్ గీసిన గోడలు మాత్రం పాత చోటే ఆగిపోయాయి. ప్లానులో తెలియదు. ఎలివేషన్‌లో ముందుకొచ్చిన చూరు కప్పేసింది. సెక్షన్, అంటే ఇంటిని నిలువునా కోసి చూపే బొమ్మ, తీసి ఉంటే కనబడేది, మేం తియ్యలేదు. రెండు ముక్కోణాలకీ కలిపి 15 చదరపు అడుగుల గోడ లెక్కలోకి రాలేదు. 9 అంగుళాల గోడకి, ఘనపుటడుగుకి 14 ఇటుకల చొప్పున, దాదాపు 160 ఇటుకలు.

ఇటుకల సంగతి సర్దుకోవచ్చు. కానీ రేపు మేస్త్రీ పరంజా మీద నిలబడి "బాబూ, మీ కాయితంలో గోడ అయిపోనాది, కప్పింకా పైనుంది. ఈ సందులో ఏటెట్టమంటారు?" అని అడిగితే నా దగ్గర జవాబు ఉండదు. అందుకే అంటున్నాను, అటాచ్ చెయ్యకుండా గేబుల్ గోడ గీయకూడదు.

బొబ్బిలి డ్రాఫ్టింగ్

మీకు జరిగినదానికి బాధగానే ఉంది గానీ, తప్పు ప్రొఫైల్‌ది కాదు, సెక్షన్ తియ్యకపోవడానిది. అటాచ్‌కీ దాని తిప్పలు దానికున్నాయి. ఎవరైనా కప్పుని చెరిపి మళ్ళీ గీశారనుకోండి, బంధం తెగిపోయి గోడ మళ్ళీ మొదటి ఎత్తుకి దిగిపోతుంది. ఒక్కో గోడా పట్టుకుని మళ్ళీ అతికించాలి. ఉన్న కప్పుని స్కెచ్‌లోకి వెళ్ళి సవరిస్తే ఆ గొడవ రాదు, కానీ కొత్తగా చేరిన పిల్లలు ముందు డిలీటే నొక్కుతారు.

ఇంకో పెద్ద మాట. మా తాతగారింట్లో గేబుల్ గోడ పెంకుల కిందే ఆగదు. పెంకుల కంటే జానెడు పైకి లేచి, నెత్తిన సున్నం గార పూసి ఉంటుంది. చివరి వరస పెంకులు ఆ గోడ పక్కనే ఒదిగి ఉంటాయి, గాలి వాటి అంచు కిందకి దూరదు. చిన్నప్పుడు ఆ గార పగిలిన చోట పిచ్చుక గూడు పెట్టేది, నాకింకా గుర్తు. అలాంటి గోడని అటాచ్ చేస్తే కప్పు అడుగునే ఆగుతుంది. ఆ జానెడూ ఎక్కడి నుంచి తెస్తారు? ప్రొఫైలే గీయాలి.

వంశధార కుర్రోడు

అన్నలూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నాకు అసలు ముక్కోణమే రావట్లేదు, నాలుగు వైపులా వాలు వచ్చేస్తోంది.

నాగావళి ఒడ్డు

తమ్ముడూ, కప్పు ఫుట్‌ప్రింట్‌లో, అంటే కప్పు హద్దు గీతల్లో, ఆ రెండు చివరి గీతలూ ఎంచుకుని డిఫైన్స్ స్లోప్ టిక్కు తీసెయ్యి. అప్పుడు గోడలు అటాచ్ చెయ్యి.

కోట జంక్షన్ (విజయనగరం)

ఆర్కిక్యాడ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో గోడని కప్పుదాకా లేపి ట్రిమ్ టు రూఫ్ ఇస్తాం. తర్వాత వాలు మారిస్తే గోడా మారుతుంది. స్కెచప్‌లో అయితే పై అంచు మధ్య నుంచి గీత లేపి ముక్కోణం కట్టుకోవడమే, వాలు మారితే మళ్ళీ కట్టుకోవాలి.

పలాస సైటు

ఇద్దరూ ఏ బటన్ నొక్కాలనే చూస్తున్నారు. నేను సైటు మనిషిని, గోడ వైపు నుంచి మాట్లాడతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా మేనత్త ఇంటి పడమటి గేబుల్ గోడ లోపలికి పడింది. తెల్లారాక వెళ్ళి చూశాను. ముక్కోణం చూరు మట్టం దగ్గర కత్తితో కోసినట్టు విడిపోయి మంచం మీద పడి ఉంది. కింది గోడకి బీట కూడా లేదు. మొదట పెంకులు లేచిపోయాయి, ఆ తర్వాత వాసాలు కదిలాయి. అప్పటిదాకా పైన పట్టుకున్న కప్పు పోయాక ఆ ముక్కోణానికి ఏ ఆసరా లేదు, ఒట్టి ఇటుకా మట్టీ. ఆ రాత్రి అందరూ వసారాలో పడుకున్నారు కాబట్టి ప్రాణాలు దక్కాయి.

అప్పటి నుంచి చూరు మట్టంలో కాంక్రీటు బ్యాండు (గోడ మీద పొడుగునా పోసే పట్టీ), ముక్కోణం వాలు మీద ఇంకో బ్యాండు, రెండూ కమ్మీలతో కలపకుండా నేను గేబుల్ కట్టనివ్వను. ఐ.ఎస్. 4326 అనే భారత ప్రమాణం రాసింది భూకంపాల కోసమే, కానీ గేబుల్ బ్యాండు అందులో ఉంది, గాలికీ అది పనికొస్తుంది.

ఇప్పుడు మీ మోడల్‌కి రండి. మేస్త్రీ కింది గోడ చూరుదాకా లేపుతాడు, బ్యాండు పోస్తాడు, తర్వాత ముక్కోణం మొదలెడతాడు. కట్టేది రెండు గోడలైతే మీరు ఒకటే గోడ గీస్తారేంటి? మీ ఇంటి లెక్కే తీసుకోండి. 9 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం, 20 అడుగులు, రెండు వైపులా. చూరు బ్యాండే 15 ఘనపుటడుగులు. గోడ ఒకటిగా గీసి బ్యాండుని దానిలోంచి మినహాయించకపోతే అదంతా షెడ్యూల్‌లో, అంటే సామాను లెక్క పట్టికలో, ఇటుక కింద పడుతుంది, 210 ఇటుకలు. మీరు పోయాయన్న 160 కంటే ఎక్కువ.

నాగావళి ఒడ్డు

గురువుగారూ, ఆ గోడ సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా డ్రాయింగులో బ్యాండే లేదు. ఒక్క సందేహం: రెండు గోడలు గీస్తే ఎలివేషన్‌లో మధ్యన అడ్డగీత వస్తుంది కదా?

పలాస సైటు

బ్యాండు బయటికి కనబడే ఇంటికి గీత ఉండాల్సిందే. ప్లాస్టరింగులో కలిసిపోతే ఆ వ్యూలో గీతలు మార్చే లైన్‌వర్క్ టూల్‌తో ఆ గీత కనబడకుండా చెయ్యండి. ముక్కోణంలో వెంటిలేటర్ పెడితే మాత్రం బ్యాండుని తెంపకుండా దాని పైనే పెట్టండి.

బొబ్బిలి డ్రాఫ్టింగ్

ఇది ఒప్పుకుంటున్నాను. కింది గోడ మామూలుగా ఉంచి పై ముక్కోణం వేరే గోడగా పెడతాను. కానీ పెంకుల మీదికి లేచే గేబుల్‌కి ఆ పై గోడ ప్రొఫైలే. అక్కడ మాత్రం తగ్గను.

నాగావళి ఒడ్డు

అన్నా, దానికి నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ గోడ పేరులోనే "కప్పు మారితే చూడాలి" అని రాయండి, తర్వాత తెరిచేవాళ్ళకి తెలుస్తుంది.

నరసన్నపేట ఫైలు ఈ సాయంత్రం మళ్ళీ గీశాను. కింది గోడ చూరుదాకా, బ్యాండు బీముగా, దాని మీద ముక్కోణం వేరే గోడ, అది కప్పుకి అటాచ్. వాలు 30 నుంచి 26కి, మళ్ళీ 30కి మార్చి చూశాను, ఎక్కడా సందు రాలేదు. వాలు బ్యాండు ఇంకా గీయలేదు. అక్కడ గోడ ఎత్తు ఇంకా సగమే లేచింది, రేపు పొద్దున్నే సెక్షన్ పట్టుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్తున్నాను.