బ్యాటరీ మార్చాక ఎమిషన్స్ టెస్ట్‌లో 'నాట్ రెడీ' అని పంపేశారు, ఏం చేయాలి?

ప్లానోవాసి:
అందరికీ నమస్తే. మాది 2014 హోండా అకార్డ్, నాలుగు సిలిండర్లది. పిల్లల సెలవులకి విజయవాడ వెళ్లి ఆరు వారాల తర్వాత తిరిగొచ్చేసరికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంది, కొత్తది వేయించాను. మూడో రోజు ఎమిషన్స్ టెస్ట్‌కి తీసుకెళ్తే చెక్ ఇంజిన్ లైటు లేదు, లోపం చూపే కోడ్ ఏమీ లేదు, కానీ క్యాటలిస్ట్, ఇవాప్ అనే రెండు మానిటర్లు (కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలట) రెడీ కాలేదని వెనక్కి పంపారు. వంద మైళ్లు తిప్పి రమ్మన్నారు, నూట ముప్పై తిప్పాను, నిన్న వెళ్తే మళ్లీ అదే మాట. నేను ఇంటి నుంచే పని చేస్తాను, ఆ తిరుగుడంతా స్కూలు, కిరాణా, గుడి, ఏదీ ఐదు మైళ్లు దాటదు. 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కదా అని ధీమాగా ఉన్నాను, మా కాలిన్ కౌంటీలో ఎమిషన్స్ టెస్ట్ ఇంకా ఉందని రెన్యువల్ ఆగిపోయాకే తెలిసింది. నెలాఖరుకి రిజిస్ట్రేషన్ అయిపోతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఒక గ్యారేజీలో ఆక్సిజన్ సెన్సర్ మార్చాలంటున్నారు. నిజంగా మార్చాలా?

పాత మెకానిక్:
సెన్సర్ మార్చకండి. కోడ్ లేకుండా సెన్సర్ మార్చమనే గ్యారేజీకి మళ్లీ వెళ్లకండి కూడా. మీ కారు బాగానే ఉంది. బ్యాటరీ తీసినప్పుడు కంప్యూటర్ అంతకుముందు చేసుకున్న పరీక్షల ఫలితాలన్నీ పోయాయి, ఇప్పుడు అన్నీ మొదటి నుంచి చేసుకోవాలి, అంతే. దానికి మైళ్ల లెక్క ముఖ్యం కాదు, ఎలా నడిపారన్నది ముఖ్యం. ఐదు మైళ్ల ట్రిప్పులు వెయ్యి వేసినా క్యాటలిస్ట్ మానిటర్ పూర్తి కాకపోవచ్చు, ఎందుకంటే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కి, కారు కాసేపు ఒకే వేగంలో నడుస్తున్నప్పుడే దాని వెనక ఉన్న సెన్సర్ రీడింగ్ చూసి అది పని చేస్తోందో లేదో కంప్యూటర్ తేల్చుకుంటుంది.

ఇంకో మంచి మాట. 2001, ఆ తర్వాతి మోడళ్లకి టెక్సాస్‌లో ఒక్క మానిటర్ రెడీ కాకపోయినా పాస్ చేస్తారు. కాబట్టి మీకు రెండూ అక్కర్లేదు, క్యాటలిస్ట్ ఒక్కటి పూర్తయితే చాలు. ఇవాప్ వెంట పడకండి. అది ట్యాంకు నుంచి గ్యాస్ (పెట్రోల్) ఆవిరి ఎక్కడైనా లీకవుతోందా అని చూసే పరీక్ష, ట్యాంకు మరీ నిండుగా ఉన్నా మరీ ఖాళీగా ఉన్నా మొదలవదు, బండి కొన్ని గంటలు కదలకుండా చల్లారాలి, బయట ఎండ మరీ ఎక్కువగా ఉన్నా కుదరదు. ఆగస్టులో డాలస్ ఎండలో మధ్యాహ్నం ఎంత తిప్పినా దండగే.

మీ హోండా ఓనర్స్ మాన్యువల్ చివర్లో దీనికి పద్ధతి రాసి ఉంటుంది, చదవండి. నేను చేసేది దాదాపు అదే: ట్యాంకు ముప్పాతిక వరకు నింపి రాత్రంతా వదిలేయండి. తెల్లవారుజామున ఎండ రాకముందే, 95 ఫారెన్‌హీట్ లోపు ఉండగా, యాక్సిలరేటర్ తొక్కకుండా స్టార్ట్ చేసి ఇరవై సెకన్లు ఆగండి. పార్క్‌లోనే ఉంచి 2,000 ఆర్‌పీఎం దగ్గర మూడు నిమిషాలు పట్టుకోండి. తర్వాత 75 హైవే ఎక్కి షెర్మన్ వైపు కుడి లేన్‌లో 50-60 మైళ్ల వేగం మధ్య ఇరవై నిమిషాలకి తగ్గకుండా పొండి, క్రూజ్ కంట్రోల్ వద్దు. వెనక వాళ్లు తొందరపెడితే దాటిపోనివ్వండి. తిరిగొచ్చాక ఊళ్లో ఓ పది నిమిషాలు నడపండి, ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు యాక్సిలరేటర్, బ్రేక్ రెండూ వదిలేసి కొన్ని సెకన్లు దొర్లనివ్వండి. ఇంటికొచ్చి ఆపేసి అరగంట ముట్టుకోకండి. మధ్యలో గ్యాస్ కొట్టించొద్దు.

ఫ్రీమాంట్ అక్క:
పై ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఒక్కటి కలుపుతాను, కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఈ 'ఒకటి వదిలేయొచ్చు' మాట నమ్ముకుని వెళ్లకండి. ఇక్కడ 2000, ఆ తర్వాతి గ్యాస్ కార్లకి ఇవాప్ ఒక్కటే మినహాయింపు, క్యాటలిస్ట్ రెడీ కాకపోతే స్మాగ్ చెక్ (ఇక్కడి ఎమిషన్స్ టెస్ట్) పాస్ కాదు. నాకు రెండేళ్ల కింద గ్యాస్ క్యాప్ సరిగ్గా బిగించక చెక్ ఇంజిన్ లైటు వచ్చింది, ఒక షాపులో టెస్ట్‌కి ముందురోజు సాయంత్రం కోడ్ చెరిపి పంపారు. తెల్లారి మానిటర్లన్నీ ఖాళీ. అంతకంటే పెద్ద సంగతి, 2010 తర్వాతి కార్లలో పర్మనెంట్ కోడ్ అని ఒకటి ఉంటుంది, స్కానర్‌తో అది పోదు, కారే మళ్లీ పరీక్ష చేసుకుని బాగుందని తేల్చుకున్నాక చెరుపుకోవాలి. 2019 జూలై నుంచి ఇక్కడ అదీ చూస్తున్నారు. కోడ్ చెరిపాక 200 మైళ్లు, 15 సార్లు ఇంజిన్ వేడెక్కడం అయితే దాన్ని పట్టించుకోరు, నేను అలాగే బయటపడ్డాను. దయచేసి ఎవరూ టెస్ట్ ముందు కోడ్ చెరపకండి.

ప్లానోవాసి:
ఇద్దరికీ చాలా థాంక్స్. రేపు తెల్లవారుజామున బయల్దేరతాను. మళ్లీ టెస్ట్ స్టేషన్‌కి వెళ్లకుండా ఇంట్లోనే చూసుకోవడం ఎలా?

పాత మెకానిక్:
స్టీరింగ్ కింద పోర్టుకి పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్ కొనుక్కోండి, యాప్‌లో 'రెడీనెస్' అనే పేజీ ఉంటుంది. చూడండి అంతే, 'ఇరేజ్' అన్న బటన్ జోలికి పోకండి, మళ్లీ మొదటికొస్తుంది. హోండాలో స్కానర్ లేకుండా కూడా తెలుస్తుంది: ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి ఓ ఇరవై సెకన్లు చెక్ ఇంజిన్ లైటు వైపు చూడండి. ఆరిపోతే అన్నీ రెడీ, ఐదుసార్లు మెరిస్తే ఏదో ఒకటి మిగిలిందని. ఏది మిగిలిందో మాత్రం చెప్పదు, మీకది కావాలి కాబట్టి స్కానరే మేలు.

ప్లానోవాసి:
అప్‌డేట్: నిన్న, ఇవాళ వరసగా రెండు పొద్దుళ్లు షెర్మన్ దారిలో మెకినీ దాటి వెళ్లొచ్చాను. మొదటి రోజు ఏమీ మారలేదు, చాలా నిరుత్సాహపడ్డాను. ఇవాళ ఇంటికొచ్చి చూస్తే క్యాటలిస్ట్ రెడీ అయింది, ఇవాప్ ఇంకా కాలేదు. మీ మాట మీద అలాగే తీసుకెళ్లాను, పాస్ చేశారు. సాయంత్రమే రిజిస్ట్రేషన్ కూడా కట్టేశాను. మళ్లీ ఇండియా వెళ్లేటప్పుడు బ్యాటరీ దిగిపోకుండా చూసే మెయింటైనర్ ఛార్జర్ తగిలించి వెళ్దామనుకుంటున్నా, గరాజ్‌లో ప్లగ్ ఉంది.