‘ఎదురుపాట’ అనొచ్చునా?

అందరికీ నమస్తే. హనుమకొండ నుంచి రాస్తున్న. ఒక చిన్న పత్రికల నెలకో పేజీ నాది. ఈ నెల రాక్సాన్ శాంటే గురించి రాసిన. రాప్ పాటల్ల పేరు నిలబెట్టుకున్న మొదటి తరం ఆడపిల్లల్ల ఆమె ఒకతె. రాసుడంతా అయింది, ఒక్క మాటకాడ బండి ఆగింది. ఒకరి పాట విని, దాని మీదికి ఇంకొకరు కట్టే పాటను ఇంగ్లీషుల ‘ఆన్సర్ రికార్డ్’ అంటరు. తెలుగుల ఏమనాలె?

తెల్వనోళ్ళకు కథ ముందు చెప్త. 1984ల యూటీఎఫ్‌వో అనే మగపిల్లల జట్టు ‘రాక్సాన్, రాక్సాన్’ అని ఒక పాట తెచ్చింది. వాడకట్టుకు కొత్తగ వచ్చిన పిల్ల వెంట ఒకరి తర్వాత ఒకరు పడ్తరు. ఆమె ఎవల్నీ లెక్కచెయ్యది. ఇగ ఆమెకు ఎంత పొగరో చెప్పుకుంటరు. ఆమె సంగతి కూడ వాళ్ళ నోటనే వినాలె మనం. ఆ జట్టే ఒక కచేరీకి ఒప్పుకొని రాకుండ ఎగ్గొట్టింది. ఆ సంగతి మీద న్యూయార్క్‌ల క్వీన్స్‌బ్రిడ్జ్ అనే సర్కారు ఇండ్లకాడ డీజే మార్లీ మార్ల్, ఆయన దోస్తులు మొత్తుకుంటుంటే ఆ ఇండ్లల్లనే ఉండే 14 ఏండ్ల పిల్ల విన్నది. ఆమెనే మన శాంటే, అసలు పేరు లొలీటా శాంటే గూడెన్. వాళ్ళకు నేను చెప్త అన్నది. మార్లీ మార్ల్ ఇంట్లనే, ఆ జట్టు దరువు మీదనే, కాయితం పట్టకుండ పాడింది. పాట పేరు ‘రాక్సాన్స్ రివెంజ్’. ఒక్క న్యూయార్క్ చుట్టుపక్కలనే రెండున్నర లక్షలకు పైగ అమ్ముడువోయింది. తర్వాత ఆ పేరు మీద పదులకొద్ది పాటలు వచ్చినయి, ‘రాక్సాన్ యుద్ధాలు’ అని చరిత్రల ఎక్కినయి.

ఈ పాటను నేను ‘ఎదురుపాట’ అన్న. ఎడిటర్ సార్ ‘సమాధాన గీతం’ అని దిద్దిండు. సమాధాన గీతం అంటే నాకు స్కూల్ల ప్రార్థన గుర్తొస్తది. మీరేమంటరు?

కరీంనగర్ సార్: అమ్మా, ‘మారుపాట’ అనే వీలుంది. మారుమాట, మారుపలుకు అంటాం కదా. మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు అంటే బదులు చెప్పకుండా అని అర్థం.

నేను: సార్, అది మంచి మాటే. కాని మారుతల్లి, మారుపేరు అన్నకాడ మారు అంటే ఒకదాని జాగల ఇంకొకటి. చదివెటోళ్ళు మొదటి పాట తీసేసి రెండోది పెట్టిన్రు అనుకుంటరేమో.

జమ్మికుంట తమ్ముడు: బదులుపాట అను అక్కా, సాఫ్‌గ ఉంటది.

నేను: మన దిక్కు బదులు అంటే చేబదులు తమ్మీ. రెండు వందలు బదులియ్యి అంటం. అయితే ఒక తమాషా ఉన్నది. ఆమె మొదలు పాడింది వాళ్ళ దరువు అడగకుండ తీసుకొనే. అట్ల చూస్తే బదులుపాటే! తర్వాత పేచీ వచ్చి వేరే దరువు మీద మళ్ళ పాడి విడుదల చేసిన్రు.

నిర్మల్ అక్క: జవాబు పాట అంటే ఏమైతది? కవ్వాలీల సవాల్ జవాబ్ ఉంటది గదా.

నేను: చానసేపు ఆ మాట మీదనే ఉన్నక్కా. గని సవాల్ వేసినోళ్ళు జవాబు కోసం ఆగుతరు. ఈ మగపిల్లలు ఆమెను ఏమీ అడగలే. పాటల రాక్సాన్ ఉత్త పేరు. ఆ పేరు నాదే అని బయటినుంచి ఒక పిల్ల వచ్చి నిలబడ్డది. అడగనిదానికి చెప్పింది జవాబెట్లయితది? మన ఇండ్లల్ల దానికి తయారుగ ఒక మాట ఉన్నది: ‘ఎదురు మాట్లాడుతున్నది’. మొగపిల్లగాడు మాట్లాడితే తెలివి, ఆడపిల్ల మాట్లాడితే ఎదురు. నేను ఈ మాట పడ్డంత నా తోడవుట్టినోళ్ళెవరూ పడలే. అందుకే ఆ తిట్టునే తీసి ఆ పాట నెత్తిన పెడ్దామనుకున్న.

మంథని అన్న: చెల్లే, ఒక మాట చెప్త, ఏమనుకోకు. ‘ఎదురు’ అంటే మా చెవులకు ఇంకొకటి వినపడ్తది. ‘ఎదురుకాల్పులు’ అని పేపర్ల చదువుకుంటనే పెరిగినం. ఆ రెండు ముక్కల కింద ఎన్ని ఇండ్లు ఖాళీ అయినయో. పాటకు ఆ మాట తగిలియ్యాల్నా?

నేను: అన్నా, ఇది నాకు తట్టలే. పొద్దటినుంచి ఇదే ఆలోచిస్తున్న. ఆ మాటను అట్ల పాడుచేసింది పేపర్లు, ఊర్లు కాదు అనిపిస్తున్నది. ఊర్ల ‘ఎదురు’ ఎంత పెద్ద మాటో చూడుండ్రి. ఎదురువోవుడు అంటే తోలుకొచ్చుటానికి పోవుడు. ఎదురుచూసుడు అంటే ప్రేమ. ఎదురుతిరుగుడు అంటే కొట్లాట. ‘ఆమెకు ఎదురు లేదు’ అంటే సాటి లేదని. రమ్మనుడు, కాదనుడు, సరిసమానం, మూడూ ఒక్క మాటలనే ఇమిడినయి. శాంటే చేసింది కూడ అదే. వాళ్ళ పాటల కథను కాదన్నది, వాళ్ళ దరువు మీదనే నిలబడ్డది, సాటినని చూపెట్టింది. ఇంగ్లీషు ‘ఆన్సర్’ల ఇంత లేదు.

ములుగు టీచర్: ఎదుర్కోళ్ళు మర్చిపోయిన్రా? మా ఊర్లల్ల పెండ్లినాడు మొగపిల్లవాండ్లు పొలిమేరకు రాంగనే ఆడపిల్లవాండ్లు పన్నీరు, పానకం తీస్కపోయి ఎదుర్కొంటరు. ఇంటికి తెచ్చినంక వియ్యపురాండ్ల పాటలు మొదలు. మీ పిల్లగాని ముక్కు గట్ల, మీ సారె చీర గిట్ల అని ఒక దిక్కు, దానికి పది తిట్లు ఇంకో దిక్కు. భద్రాచలంల కూడ కల్యాణానికి ముందునాడు ఎదుర్కోలు ఉత్సవంల అయ్యగార్లు రాముని పక్షం, సీతమ్మ పక్షం అయ్యి, మా వంశం గొప్ప అంటే మా వంశం గొప్ప అని వాదులాడుకుంటరు. మీ రాక్సాన్ యుద్ధం గిదే కాదా?

నేను: టీచరమ్మా, మీకు దండం. నా పేజీ నిలబడ్డది. బతుకమ్మను గూడ పక్కకు పెట్టి చూసిన. అందుల ఒకామె పాట ఎత్తుకుంటది, అందరు ఉయ్యాలో అంటరు. అది వంత. వంత అంటే తోడు, ఒగ్గుకథల గూడ అంతే. వియ్యపురాండ్ల పాట మాత్రం వంత కాదు, ఎదురు. దీనికి బలం కావాలె, నవ్వు కావాలె, ఎదుటామె చెప్పిన మాటనే మలిపి కొట్టే ఉపాయం కావాలె.

జమ్మికుంట తమ్ముడు: మరి కాయితం పట్టకుండ పాడుడును ఏమంటరక్కా? ఫ్రీస్టైల్ అని ఇడిసిపెడ్తవా?

నేను: కైగట్టుడు. మా నాయినమ్మ నాట్లేసేటప్పుడు ఎవలు లేటుగ వస్తే వాళ్ళ మీద అప్పటికప్పుడు కైగట్టేది. ‘కై’ కైతకు చుట్టమే అనుకుంటున్న. రాక్సాన్ కైగట్టింది అని రాసిన. ఎడిటర్ సార్ దాన్ని ముట్టుకోలే.

నిర్మల్ అక్క: తర్వాత ఆమె ఏమయింది?

నేను: మరుసటేడు న్యూ మ్యూజిక్ సెమినార్ అనే సంగీత సభల రాప్ పోటీల చివరిదాక పోయింది, ఫైనల్ల బిజీ బీ అనే మొగాయన గెలిచిండు. 1989ల మొదటి ఆల్బమ్ వచ్చింది. పాతికేండ్లు వచ్చేసరికి పాటలు దాదాపు ఇడిసిపెట్టింది. 2025ల గ్రామీవాళ్ళు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చిన్రు. పద్నాలుగేండ్లకు పాడిన పాటకు నలభై ఏండ్లకు ఎదురొచ్చిన్రు అనుకోండ్రి.

కరీంనగర్ సార్: ఎదురుపాటకే నా ఓటు. కలిపి రాయండి. విడదీస్తే ‘ఎదురుగా పాట’ అన్నట్టు వినిపిస్తుంది. ఎదురుగాలి, ఎదురుదెబ్బ, ఎదురుకట్నం వరుసలో కూర్చుంటుంది. ‘రాపరిణి’ లాంటి మాటలు మాత్రం రాయకండి తల్లీ.

నేను: ఆ పాపం చెయ్య సార్. రాపర్ అనే ఉంచిన. ఎదురుపాట కలిపే ఉంటది. మంథని అన్న మాట మీద కింద రెండు వాక్యాలు చేర్చిన, ఈ మాటకు మన దగ్గర ఇంకో చరిత్ర ఉన్నదని.

జమ్మికుంట తమ్ముడు: ఆఖరి డౌటు. ఆమె పాడినంక ఆ జట్టు ఊకున్నదా? వాళ్ళ పాటను ఏమంటం?

నేను: వాళ్ళు ఒక వేరే అమ్మాయిని తెచ్చి, అసలు రాక్సాన్ ఈమెనే అని పేరు పెట్టి ఆమెతోని పాట చేయించిన్రు. దాన్ని మారుపాట అనొచ్చు. ఒకామె జాగల ఇంకొకామె. కరీంనగర్ సార్ ఇచ్చిన మాట ఉత్తగ పోలే.