రెండు పోర్షన్లు ఖాళీ: అద్దె తగ్గించాలా, ఆగాలా?

హైదరాబాద్ నిజాంపేటలో మాకు సొంత ఇల్లు ఉంది. కింద మేము ఉంటాము. పై రెండు అంతస్తుల్లో నాలుగు డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్లు. ఒకప్పుడు టులెట్ బోర్డు కడితే సాయంత్రానికల్లా అడ్వాన్సు చేతిలో పెట్టేవారు. ఈసారి ఏప్రిల్ నుంచి రెండు పోర్షన్లు ఖాళీగానే ఉన్నాయి. బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోతే, నిన్న మా ఆవిడ మార్కర్‌తో ఫోను నంబరు మళ్లీ దిద్దింది.

చుట్టూ లిఫ్టు, జనరేటర్ ఉన్న కొత్త అపార్ట్‌మెంట్లు లేచాయి. వచ్చినవాళ్లు ముందు కారు పార్కింగ్ అడుగుతున్నారు, తర్వాత మంజీరా నీళ్లు. నీళ్లున్నాయి, కారుకు చోటు లేదు.

నేను చెబుతున్న అద్దె 18,000. పక్కవీధిలో 16,000కే ఇచ్చారట. నెలకు 2,000 తగ్గిస్తే ఏడాదికి 24,000 నష్టం. రెండు నెలల ఖాళీకి ఒక్కో పోర్షన్ మీద ఇప్పటికే 36,000 పోయింది. లెక్క తెలిసినా చెయ్యి రావడం లేదు. పాతవాళ్లు ఇద్దరూ 18,000 కడుతున్నారు మరి, మెట్ల దగ్గర ఈ మాట రాకుండా ఉంటుందా? పైగా ఆషాఢం దగ్గరపడింది, ఆ నెలలో పాలు పొంగించేవాళ్లు అరుదు.

అద్దె అలాగే ఉంచి మొదటి నెల సగం వదిలేస్తే మేలా? అడ్వాన్సు రెండు నెలల నుంచి ఒక నెలకు తగ్గించనా? బ్యాచిలర్లకు ఇచ్చినవారు ఉంటే, అగ్రిమెంటులో ఏయే షరతులు రాయించుకున్నారో దయచేసి చెప్పండి. బ్రోకరు నెల అద్దె అడుగుతున్నాడు, అది ఇవ్వడం మాత్రం నాకు ఇష్టం లేదు.