రేడియేషన్ తగిలితే బంగారు నానో పార్టికల్స్ మీది పెగ్ పూత నిలుస్తుందా?

కొల్లాయిడ్, రేడియోకెమిస్ట్రీ, మెడికల్ ఫిజిక్స్ రంగాల ముగ్గురి చర్చ ఇది.

కొల్లాయిడ్: 15 నానోమీటర్ల బంగారు పార్టికల్స్‌కి, థయోల్ (బంగారాన్ని పట్టుకునే గంధకపు కొస) చివర ఉన్న పెగ్ 5000 (పాలీఇథిలీన్ గ్లైకాల్ గొలుసు, అణుభారం సుమారు 5000) పూత. క్యాన్సర్ చికిత్సలోలా రోజుకు 2 గ్రే (గ్రే అంటే కిలోకి ఒక జౌల్ రేడియేషన్ శక్తి) చొప్పున 30 విడతలు, మొత్తం 60 గ్రే. పూత ఊడదనే నా వాదన. ప్లాస్టిక్ సిరంజిలను 25 కిలోగ్రేతో స్టెరిలైజ్ చేస్తారు, బాగానే ఉంటాయి. దాని ముందు 60 గ్రే ఎంత?

రేడియోకెమిస్ట్రీ: ఆ పోలిక కుదరదండి. సిరంజి పొడి ప్లాస్టిక్, ఇది నీళ్లలో విచ్చుకున్న గొలుసు. దాన్ని కొట్టేది నీరు విరిగి పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్. జౌల్‌కి సుమారు 0.28 మైక్రోమోల్ చొప్పున 60 గ్రేకి 17 మైక్రోమోలార్ పుడుతుంది. 1 నానోమోలార్ ద్రావణంలో, పార్టికల్‌కి 500 గొలుసులు అనుకున్నా, పెగ్ 0.5 మైక్రోమోలారే! రాడికల్స్ కొన్ని తమలో తాము కలిసిపోయినా మిగిలినవి చాలు. ఆక్సిజన్ కరిగి ఉంటే గొలుసు మధ్యలోనే తెగుతుంది. అతుక్కోని పెగ్‌ని సరిగా కడగకపోతే అదే రాడికల్స్‌ని మింగేసి, పూత క్షేమమని భ్రమ పుట్టిస్తుంది. కనీసం మూడుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి, పైనీరు మార్చాకే పరీక్షించాలి.

మెడికల్ ఫిజిక్స్: లెక్క సరే, అది సీసాలో నీళ్లకి. కణం లోపల రాడికల్స్‌ని మింగే గ్లూటాథయోన్ (థయోల్ ఉన్న చిన్న అణువు) ఒక్కటే 1 నుంచి 10 మిల్లీమోలార్, ప్రోటీన్లు సరేసరి. బయట పుట్టిన రాడికల్ పూతదాకా రావడమే కష్టం. ఫోటాన్ తగిలినప్పుడు బంగారం వదిలే ఆగర్ ఎలక్ట్రాన్లు (తక్కువ శక్తితో దగ్గర్లోనే ఆగిపోయేవి) మాత్రం పూతలోనే శక్తి పోస్తాయి, వాటిని ఏ ప్రోటీనూ ఆపలేదు. కానీ 50 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర కూడా, నా అంచనాలో, 2 గ్రేకి వెయ్యి పార్టికల్స్‌లో ఒకదానికే ఫోటాన్ తగులుతుంది. ఆసుపత్రుల్లో రేడియేషన్ చికిత్స ఇచ్చే 6 ఎంవీ (మెగావోల్ట్) లినాక్ యంత్రంలో ఇంకా తక్కువ. బంగారు నానో పార్టికల్స్ కణితి మీద రేడియేషన్ ప్రభావాన్ని పెంచాయని చూపిన హైన్‌ఫెల్డ్ బృందం 2004 ఎలుకల ప్రయోగం 250 కేవీపీ (కిలోవోల్ట్‌ల) ఎక్స్‌రేలతో చేసింది, ఆ ఫలితాన్ని లినాక్‌కి అంటగట్టకూడదు. కణంలో పూతకి అసలు శత్రువు గ్లూటాథయోనే. కిరణం లేకపోయినా పెగ్‌ని బంగారం మీంచి నెట్టేస్తుంది.

కొల్లాయిడ్: అయితే సీరమ్‌లోనే కిరణం పెట్టి, 0.15 మోలార్ ఉప్పు వేసి, ఎరుపు నీలంగా మారుతుందేమో (పూత లేని పార్టికల్స్ ఉప్పులో గుంపు కడితే అలా మారుతుంది) చూస్తే తేలిపోదా?

రేడియోకెమిస్ట్రీ: తేలదు. పూత ఊడిన చోట సీరమ్‌లోని అల్బుమిన్ ప్రోటీన్ అతుక్కుంటుంది, గుంపు కట్టనివ్వదు, రంగు మారదు. సీరమ్ బదులు 0.1 మోలార్ టెర్ట్ బ్యూటనాల్ వాడండి. అది రాడికల్స్‌ని పడుతుంది, ప్రోటీన్‌లా పార్టికల్‌కి పొర కట్టదు. అది వేసిన గొట్టం ఒకటి, వేయనిది ఒకటి, రెండిటికీ పోలికకి కిరణం పెట్టని 0 గ్రే జోడీ. ఎరుపు రంగుని చూపే 520 నానోమీటర్ల కాంతి శోషణ శిఖరం ఒక్కటే నమ్మకండి. గొలుసు సగానికి తెగినా గుంపు కట్టకపోవచ్చు, అప్పుడు డీఎల్‌ఎస్‌లో (కాంతి చెదరడంతో పార్టికల్ సైజు కొలిచే పద్ధతి) వ్యాసం తగ్గడమే ఆధారం. శరీరంలో సంగతి ఫిజిక్స్ గారి మాటే ఒప్పుకుంటాను. సీసాలో ఉన్న ద్రావణాన్ని 25 కిలోగ్రేతో స్టెరిలైజ్ చేసే ఆలోచన మాత్రం మానుకోండి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి.