ట్యూక్స్‌బరీ మధ్యయుగ ఉత్సవం: వెళ్లివచ్చినవారు అనుభవాలు చెప్పగలరా?

అవాన్ గట్టు:
అందరికీ నమస్కారం. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా కుటుంబం జూలై రెండవ వారాంతంలో గ్లాస్టర్‌షైర్‌లోని ట్యూక్స్‌బరీ మధ్యయుగ ఉత్సవానికి వెళ్లాలనుకుంటోంది. 1471లో అక్కడ జరిగిన యుద్ధాన్ని మళ్లీ ఆడి చూపిస్తారని, 1984 నుంచి ఈ ఉత్సవం నడుస్తోందని మాత్రమే మాకు తెలుసు. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, మా అత్తగారికి డెబ్బై. మధ్యాహ్నం వెళ్లి యుద్ధం ఒక్కటీ చూసి వస్తే సరిపోతుందా? గుడారాలలో ఉండే, యుద్ధం ఆడి చూపించే బృందాలవారితో మాట్లాడనిస్తారా, లేక తాడు బయట నిలబడి చూడవలసిందేనా?

సెవర్న్ వాసి:
మూడు సార్లు వెళ్లాను. యుద్ధం కోసమే వెళితే సగం ఉత్సవాన్ని వదులుకున్నట్లే. ఉదయాన్నే వెళ్లి ముందు గుడారాలు చూడండి, మైదానానికి తరువాత రండి. అయితే కథ తెలియకపోతే మైదానంలో జరిగేది వట్టి తోపులాటలా కనిపిస్తుంది కనుక కొంచెం చెబుతాను.

ఇది ఇంగ్లండు సింహాసనం కోసం జరిగిన దాయాదుల పోరు. లాంకాస్టర్ పక్షాన రాణి మార్గరెట్, ఆమె కుమారుడు యువరాజు ఎడ్వర్డ్ ఉన్నారు. యార్క్ పక్షాన నాలుగవ ఎడ్వర్డ్ రాజు ఉన్నాడు. రాణి సేన సెవర్న్ నదిని దాటి వేల్స్ చేరాలనుకుంటే, గ్లాస్టర్ నగరం కోట తలుపులు మూసివేసింది. ఇక దారి లేక ఆ సేన ఎండలో నడిచి నడిచి, అలసిపోయి ట్యూక్స్‌బరీ చేరేసరికి రాజు వెనుకనుంచి వచ్చి అందుకున్నాడు. మే 4న జరిగిన యుద్ధంలో పదిహేడేళ్ల యువరాజు చనిపోయాడు. ఊళ్లోని ఆబీలో, అంటే మఠపు పెద్ద చర్చిలో, తలదాచుకున్న రాణి సేనాని సోమర్‌సెట్ ప్రభువును బయటికి లాగి, మే 6న తల నరికించారు. పారిపోతున్నవారిని తరిమి చంపిన పొలాన్ని నేటికీ 'నెత్తుటి మైదానం' అనే పిలుస్తారు.

పెడన మనవరాలు:
గుడారాల విషయం నేను చెబుతాను, ఎందుకంటే నేను అక్కడినుంచి కదలలేదు. అద్దకం చేసే ఒకావిడ గుడారం ముందు మూడు గుండిగలు పెట్టుకుని కూర్చున్నారు. మంజిష్ఠ జాతికే చెందిన మ్యాడర్ వేరుతో ఎరుపు, వెల్డ్ అనే మొక్కతో పసుపు, వోడ్ ఆకుతో నీలం తీస్తున్నారు. రంగు పట్టడానికి ముందుగా ఉన్నిని పటిక నీళ్లలో ఉడికించాలని ఆవిడ చెబుతుంటే, పెడనలో మా తాతగారి అద్దకపు కొట్టం వాసన వచ్చినట్లనిపించింది. మేము ఎరుపుకు చిరివేరు వాడేవాళ్లమని, తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీళ్లలో ఊరబెట్టి, ఆ ద్రావకాన్ని కరక్కాయ పట్టించిన బట్టపై రాస్తే నల్లరంగు వస్తుందని నేను చెప్పాను. ఆవిడ వెంటనే ఓక్ చెట్టు మీద కాసే బుడిపెలను చూపించి, తామూ ఇనుప ఉప్పుతో కలిపి నలుపు తీసేది వీటితోనేనన్నారు. వోడ్ ఆకులోని నీలం, మన నీలిమందులోని నీలం ఒకే పదార్థమని కూడా ఆవిడ నోటినుంచే విన్నాను. గంటన్నర ఎలా గడిచిందో తెలియలేదు. మావారు మాత్రం యుద్ధం చూసి వచ్చి, బాగా కొట్టుకున్నారని చెప్పారు.

ఒక జాగ్రత్త: నేను పాలియెస్టర్ దుస్తులతో కట్టెల పొయ్యి దగ్గరికి వెళ్లబోతే వారు మర్యాదగా వెనక్కి జరగమన్నారు. ఉన్ని అంత తేలికగా అంటుకోదు, పాలియెస్టర్ అయితే నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

బిల్ పట్టినవాడు:
నేను అయిదేళ్లుగా ఒక బృందంలో ఉన్నాను, కనుక లోపలివైపు సంగతి చెప్పగలను. తాడు కట్టేది యుద్ధ మైదానానికే. మా గుడారాల దగ్గరికి వచ్చి ఎన్ని ప్రశ్నలైనా అడగవచ్చు, అందుకే మేము అక్కడ ఉంటాం. నాది కొక్కెపు కత్తి బిగించిన పొడవాటి కర్ర, దానినే బిల్ అంటారు. ఒంటిమీద మన బొంతలాగా పొరలు పొరలుగా కుట్టిన నార అంగీ, తలకు ఇనుప టోపీ. నిండు ఉక్కు కవచం వేసేవారికి ఇరవై కిలోల పైమాటే. ఆయుధాలకు పదును ఉండదు, బాణాలకు కొనలో రబ్బరు మొద్దులు ఉంటాయి, విల్లు కూడా తక్కువ బలంతోనే లాగుతాం. మీరు చూడవలసినవారు ఇంకొకరున్నారు: పోరు మధ్యలో నీళ్ల సీసాలతో పరుగెత్తేవారు. జూలై ఎండలో ఆ బొంత వేసుకుని కొట్టుకునేవాళ్లను నిలబెట్టేది వారే.

వంటలో బంగాళాదుంప, టమాటా, మిరపకాయ ఉండవు, అవన్నీ కొలంబస్ తరువాత వచ్చినవే. బార్లీ, బఠాణీ, ఉల్లికాడలు కలిపి ఉడికించిన చప్పటి జావ తింటూ మొదటి ఏడాది నేను చాలా బాధపడ్డాను. తరువాత ఆలోచిస్తే, 1471లో అన్నమయ్య కూడా మిరియాల కారమే తిన్నాడు కదా అనిపించింది.

ఇంకొక మాట దాచను. ఇండియావాడికి ఇక్కడేం పని అని చూడవచ్చినవారిలో ఇద్దరు ముగ్గురు అడిగారు. నా బృందంలో ఎవరూ ఎన్నడూ అడగలేదు. వారు అడిగినదల్లా నా అంగీకి కుట్లు చేత్తో వేశానా, మిషన్‌తో వేశానా అని మాత్రమే.

నాగులేటి ఒడ్డు:
మీ అందరితో కొంత విభేదిస్తాను. మాది పల్నాడు. కార్తీకంలో కారెంపూడిలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ అయిదు రోజులు పల్నాటి యుద్ధ వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది, అది మాకు పెద్దల దినం వంటిది. ట్యూక్స్‌బరీలో ఆట ముగియగానే చనిపోయినవారు లేచి దుమ్ము దులుపుకోవడం, జనం చప్పట్లు కొట్టడం నాకు మింగుడుపడలేదు.

సెవర్న్ వాసి:
మీ మాటలో న్యాయం ఉంది. అందుకే నేను ప్రతిసారీ ఆబీకి కూడా వెళతాను. యువరాజును పూడ్చినది అక్కడే. లోపల ఒక గది తలుపు వెనుకవైపంతా ఇనుప రేకులు తాపి ఉంటాయి, యుద్ధభూమిలో ఏరిన కవచాల ముక్కలని చెబుతారు. ఊరి వీధుల్లో వేలాడే రంగురంగుల పతాకాలు కూడా అలంకారం కోసం కట్టినవి కావు, ఆ రోజు పోరాడినవారి చిహ్నాలవి.

అత్తగారి కోసం మడత కుర్చీ తీసుకువెళ్లండి. రైలులో అయితే ఆష్‌చర్చ్‌లో దిగాలి, అక్కడినుంచి ఊరు సుమారు మూడు కిలోమీటర్లు. ఫిరంగి పేలినప్పుడు మా పాప ఏడ్చింది, మీ అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి.

అవాన్ గట్టు:
చాలా కృతజ్ఞతలు. ఉదయమే బయలుదేరుతాం. చివరిగా ఒక్కటి: మా అబ్బాయి ఇనుప టోపీ పెట్టుకుని చూడాలంటున్నాడు, ఇస్తారా?

బిల్ పట్టినవాడు:
అడిగితే ఇస్తాం, అడగకుండా బల్లమీదినుంచి తీయవద్దని చెప్పండి. చేతి చెమట తగిలిన చోటల్లా ఇనుము తుప్పు పడుతుంది, సాయంత్రం నూనె గుడ్డతో కూర్చుని తుడుచుకునేది మేమే. ఆ పనికి కూడా మీ అబ్బాయి సాయపడతానంటే మా గుడారంలో ఇంకొక గుడ్డ ఉంది.