మెదడులో నాలుగు మచ్చలు: తల మొత్తానికి కరెంటా, మచ్చలకే ఎస్‌ఆర్‌ఎస్సా?

కందుకూరు_ల్యాబ్: ఊపిరితిత్తి క్యాన్సర్. మెదడు ఎంఆర్‌ఐలో నాలుగు మచ్చలు (అక్కడికి పాకిన క్యాన్సర్ గడ్డలు), అన్నీ 2 సెం.మీ. లోపే. మనిషి తన పనులు తాను చేసుకుంటున్నారు. నెల్లూరులో పది రోజులు తల మొత్తానికి కరెంటు (రేడియేషన్) పెట్టిస్తే చాలని కొందరు, మచ్చలకే గురిపెట్టి గట్టి డోసు ఇచ్చే ఎస్‌ఆర్‌ఎస్‌కి చెన్నై పొమ్మని కొందరు. ఏది సబబు?

నెల్లూరు_ఫిజిక్స్: నడిచే మనిషికి, నాలుగే మచ్చలకు తల మొత్తం కాల్చడం నాకు ససేమిరా నచ్చదు. ఈ సైజుకి ఎస్‌ఆర్‌ఎస్‌లో ఒక్క సిట్టింగ్‌లో 20 నుంచి 24 గ్రే (రేడియేషన్ డోసు కొలత) వేస్తారు. 1 నుంచి 3 మచ్చలున్న వాళ్ల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో, మూడు నెలలకు జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతిన్నది ఎస్‌ఆర్‌ఎస్ ఒక్కటే చేసినవాళ్లలో 64 శాతం మందికి; తల మొత్తానికీ కలిపి పెడితే 92 శాతానికి. ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఒంగోలు_ఆంకో: అన్నా, అదే అధ్యయనంలో ఎస్‌ఆర్‌ఎస్ ఒక్కటే చేసినవాళ్లకు మెదడులో జబ్బు మళ్లీ రావడం ఎక్కువ. అందుకే రెండు మూడు నెలలకోసారి ఎంఆర్‌ఐ తప్పదు. మన పల్లెల్లో తలనొప్పి తగ్గగానే రావడం మానేస్తారు, ఫిట్స్ వచ్చాక పరిగెత్తుకొస్తారు. అలాంటి ఇంటికి తల మొత్తానికి 10 సిట్టింగుల్లో 30 గ్రే తప్పేమీ కాదు. హిప్పోక్యాంపస్‌ను (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం) తప్పించి, మెమాంటిన్ మాత్ర 24 వారాలు వాడితే మతిమరుపు కొంత తగ్గుతుంది.

నెల్లూరు_ఫిజిక్స్: ఎంఆర్‌ఐకి చెన్నై దాకా ఎందుకండీ? నెల్లూరులోనో ఒంగోలులోనో తీయించి సీడీ పంపితే చాలు. రారేమోనని ముందే అనుకుని మతి పోగొట్టడం అన్యాయం. ఎస్‌ఆర్‌ఎస్‌కూ చిక్కుంది, కాదనను: కొందరికి కొన్ని నెలలకు ఆ చోట కణజాలం చచ్చిపోయి వాపొస్తుంది, స్కాన్‌లో జబ్బు పెరిగినట్టే కనబడుతుంది. కంగారుపడి మళ్లీ కరెంటు పెట్టించకూడదు.

కావలి_ఫార్మసీ: జీన్ టెస్టు సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఈజీఎఫ్‌ఆర్ పాజిటివ్ అయితే, అంటే గడ్డలో ఆ జీన్ మార్పు ఉంటే, దానికిచ్చే ఒసిమెర్టినిబ్ మాత్ర మెదడులోకీ వెళ్తుంది. లక్షణాల్లేని చిన్న మచ్చలకు ముందు మాత్రతో చూసి, కరెంటు తర్వాతకి పెట్టే డాక్టర్లున్నారు. మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ రాసుంటే పొద్దున, మధ్యాహ్నం తిన్నాక వేయండి; రాత్రి వేస్తే నిద్ర పట్టదు. షుగర్ చూసుకుంటుండాలి. తగ్గిందని ఒక్కసారిగా ఆపితే వాపు తిరగబెడుతుంది.

ఒంగోలు_ఆంకో: జీన్ టెస్టు మాట నిజం, రిపోర్టు లేకుండా ఏదీ తేల్చొద్దు. మంచాన పడ్డవాళ్ల లెక్క వేరు: ఆపరేషన్‌కీ ఎస్‌ఆర్‌ఎస్‌కీ వీల్లేని ఊపిరితిత్తి క్యాన్సర్ రోగులపై 2016లోనే వచ్చిన క్వార్ట్జ్ ట్రయల్‌లో, తల మొత్తానికి 20 గ్రే పెట్టినా మందులతో నెట్టుకొచ్చినా ఆయుష్షు తొమ్మిది వారాలకు అటూ ఇటే. ఈయన నడుస్తున్నారు, ఎంఆర్‌ఐకి తీసుకొచ్చే మనిషి ఇంట్లో ఉంటే చెన్నైకే నా ఓటు.

నెల్లూరు_ఫిజిక్స్: వెళ్లే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. కాంట్రాస్ట్ (మచ్చలు స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే మందు) వేసి 1 మి.మీ. స్లైసులతో తీసిన ఎంఆర్‌ఐ కావాలి. మామూలు 5 మి.మీ. స్లైసుల్లో చిన్న మచ్చలు జారిపోతాయి, అక్కడికెళ్లాక మళ్లీ తీస్తారు.