‘చిక్కు’ ఒక్క మాటేనా, మూడు మాటలా?

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. మొన్న పరీక్షలో పాలిమర్ల (గొలుసుల్లాంటి పొడుగాటి అణువుల) ‘ఎంటాంగిల్‌మెంట్’కి ఒకమ్మాయి ‘ముడి’ అని రాసింది. కొట్టేసి ‘చిక్కు’ అని దిద్దాను. ముడి లాగితే బిగుస్తుంది. పాలిమర్ గొలుసులు ఎంత పెనవేసుకున్నా, కొసలు మెల్లగా జారితే విడిపోతాయి.

ఆ సాయంత్రం అమ్మ చోడంబలి (రాగి అంబలి) కలుపుతూ, ‘సిక్కబడిపోనాది, దించీ’ అంది. గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిండిలోని స్టార్చ్ కూడా పాలిమరే. వేడికి రేణువులు నీళ్లు తాగి ఉబ్బుతాయి, పొడుగాటి గొలుసులు కొన్ని బయటికొచ్చి చిక్కుపడతాయి. అంటే చిక్కుపడటం, చిక్కబడటం ఒకే గిన్నెలో జరుగుతున్నాయి!

మూడోది చిక్కుకోవడం. జెల్ లాంటి వలలో దూరిన గొలుసు పక్కకి కదల్లేదు, పాములా తన దారినే పాకాలి. 1971లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త డి జెన్ చెప్పింది ఇదే. ఆయన లెక్కలో గొలుసు పొడుగు రెట్టింపైతే ఆ దారి వదిలి బయటపడటానికి 8 రెట్ల సమయం పడుతుంది. వేడిచేసి కరిగించిన పాలిమర్లతో చేసిన ప్రయోగాల్లో 10 రెట్లు దాటుతుంది. ఇక వల కన్నాలు అడ్డదిడ్డంగా, ఒకటి ఇరుకు ఒకటి వెడల్పుగా ఉన్నాయనుకోండి. ఇరుకులో మెలికలు తిరగడానికి చోటుండదు కాబట్టి గొలుసు వెడల్పు గదుల్లోకే చేరుతుంది. అక్కడే చిక్కుకుని, విడిగా ఉన్నప్పటికంటే చిన్నదైపోతుంది. దీన్ని ‘చిక్కిపోవడం’ అనొచ్చా? ఇవన్నీ ఒకే ధాతువా?

జవాబు (విజయనగరం నుంచి):
మాస్టారూ, ధాతువు సంగతి నిఘంటువు చూసే వాళ్లకి వదిలేస్తాను. చిక్కిపోవడం మాత్రం కుదరదండి. జ్వరమొచ్చి మనిషి చిక్కిపోయాడంటే ఒళ్లు తగ్గిందని. మీ గొలుసులో ఒక్క లంకె కూడా ఊడలేదు కదా? చలికి దుప్పట్లో కాళ్లు దగ్గరికి తీసుకుంటే చిక్కిపోయాడంటామా, ముడుచుకున్నాడంటాం.

నా మాట:
నిజమేనండి, ముడుచుకోవడమే సరి. క్లాసు నోట్సులో ‘చిక్కిపోవడం’ కొట్టేశాను. ఆ అమ్మాయి చూసి, ‘మీక్కూడా అర మార్కు కట్ అయినట్టేనా సార్?’ అంది.